రాయి, పట్టుదారం, ఒక గ్రాఫ్ కాగితం

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో లఘులోలకం ప్రయోగం ఉంటుంది. గురుత్వ త్వరణం ఎంతో కనుక్కోమంటారు. జవాబు 9.8 అని పిల్లలకు ముందే తెలుసు. అందుకే చాలా రికార్డు పుస్తకాల్లో 9.8 దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టిన అంకెలే కనిపిస్తాయి. అదే ప్రయోగాన్ని ఇంట్లో, ల్యాబు సామాను లేకుండా, అంకెలు వండకుండా ఎలా చేయాలో చూద్దాం. మదనపల్లెలో చేసినా, పుంగనూరులో చేసినా, కుప్పంలో చేసినా పద్ధతి ఒకటే.

ముందు సామాను. ల్యాబులో గుండ్రటి ఇత్తడి గుండు ఇస్తారు. మనకు రాయి చాలు. మనది గ్రానైటుకు పేరుపడ్డ ప్రాంతం కాబట్టి వెతుక్కునే పనే లేదు. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, నున్నటిది తీసుకోండి. దారం మాత్రం చూసి ఎంచుకోవాలి. పురికొస పనికిరాదు. అది సాగుతుంది, పైగా మెలి విప్పుకుంటూ రాయిని గిరగిరా తిప్పుతుంది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గర పట్టుదారం ముక్కలు అడిగితే దొరకొచ్చు. నాలుగైదు పోగులు కలిపి వాడండి. దొరక్కపోతే గట్టి నూలుదారం. ఇవిగాక టేపు, ఫోనులోని స్టాప్‌వాచ్, గ్రాఫ్ కాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు.

దారాన్ని కిటికీ ఊచకు చుట్టి ముడి వేయకండి. రాయి ఊగేకొద్దీ దారం ఊచను చుట్టుకుంటూ, విడిచిపెడుతూ ఉంటుంది. పొడవు ఎక్కడి నుంచి కొలవాలో తేలదు. బీరువా పైన రెండు చదునైన చెక్కముక్కలు ఒకదానిపై ఒకటి, అంచులు సమానంగా, కాస్త బయటికి వచ్చేలా పెట్టండి. మధ్యలో దారం దూర్చి, పైన బరువైన పుస్తకాలు పేర్చండి. దారం చెక్కల అంచున ఎక్కడ బయటికి వస్తుందో అదే వేలాడే బిందువు. పొడవు మార్చాలంటే చెక్కలు సడలించి దారం లాగితే సరి.

ఇప్పుడు పొడవు. చెక్కల అంచు నుంచి రాయి పైనున్న ముడి దాకా కొలవండి. నిజానికి రాయి గరిమనాభి దాకా కొలవాలి. అది రాయి లోపల ఎక్కడుందో మనకు తెలియదు. తెలియకపోయినా ఫర్వాలేదు, గ్రాఫ్ గీశాక అదే చెబుతుంది. టేపును మిల్లీమీటరు దాకా చదవండి. 40, 60, 80, 100, 120 సెంటీమీటర్లు, అయిదు పొడవులు సరిపోతాయి.

తర్వాత కాలం. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఫ్యాన్ ఆపండి. రాయిని దారం పొడవులో పదోవంతుకు మించి పక్కకు లాగకండి. 40 సెంటీమీటర్ల దారమైతే 4 సెంటీమీటర్లు. ఊపు పెద్దదైతే లఘులోలకం సూత్రమే సరిగ్గా వర్తించదు. రాయిని నెట్టకుండా మెల్లగా వదిలి, ఒకటి రెండు ఊపులు పోనివ్వండి. కొనకు చేరినప్పుడు రాయి నెమ్మదిస్తుంది కనుక అది ఏ క్షణాన ఆగిందో కన్ను పట్టుకోలేదు. మధ్యలో వేగంగా దాటుతుంది కాబట్టి వెనక గోడమీద ఒక గీత గీసి, రాయి దాన్ని దాటే క్షణం చూడండి. మొదటిసారి దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి ‘సున్నా’ అనాలి. ‘ఒకటి’ అంటే మీ ఇరవై డోలనాలు పంతొమ్మిదే అవుతాయి. మళ్లీ అదే దిక్కుగా దాటినప్పుడు ‘ఒకటి’. ఇలా 20 దాకా లెక్కపెట్టండి.

ఇరవై ఎందుకంటే, కన్ను చూసి వేలు నొక్కే లోపల సెకనులో అయిదో వంతు దాకా తేడా రావచ్చు. ఒక్క డోలనాన్నే కొలిస్తే ఆ తేడా అంతా దాని నెత్తినే పడుతుంది. ఇరవై కొలిచి భాగిస్తే 0.01 సెకనుకు దిగుతుంది. ఫోను 0.01 సెకను దాకా చూపిస్తుందని అన్ని అంకెలూ రాసుకోవడం దండగ, మీ వేలికి అంత నేర్పు లేదు. ప్రతి పొడవుకూ మూడుసార్లు చేసి సగటు తీయండి.

లెక్క చూపడానికి కొన్ని అంకెలు వేస్తున్నాను, వీటిని మీ పుస్తకంలోకి ఎక్కించకండి. 20 డోలనాలకు పట్టిన కాలం వరుసగా 26.6, 32.2, 36.8, 41.0, 44.8 సెకన్లు అనుకుందాం. ఒక్కోదాన్ని 20తో భాగిస్తే ఆవర్తన కాలం: 1.33, 1.61, 1.84, 2.05, 2.24. వాటి వర్గాలు: 1.77, 2.59, 3.39, 4.20, 5.02.

గ్రాఫ్‌లో మనం ఎంచుకున్న పొడవు అడ్డంగా ఎక్స్ అక్షం మీద, కొలిచి పట్టుకున్నది నిలువుగా వై అక్షం మీద. ముందు ఆవర్తన కాలాన్నే పొడవుతో కలిపి గీసి చూడండి. కొద్దిగా వంగిన రేఖ వస్తుంది. వంపు సరైనదో కాదో కంటితో తేల్చలేం. వర్గాన్ని గీస్తే తిన్నటి గీత రావాలి. తిన్నగా ఉందో లేదో చెప్పడంలో మన కన్ను దిట్ట. అడ్డంగా ఒక సెంటీమీటరుకు 10 సెంటీమీటర్ల దారం, నిలువుగా ఒక సెంటీమీటరుకు 0.5 చొప్పున స్కేలు వేయండి. ఎడమవైపు సున్నాకు అవతల రెండు గళ్లు ఖాళీ వదలండి, దానితో పని ఉంది. బిందువులను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోవద్దు. పారదర్శక స్కేలు పెట్టి, బిందువులు గీతకు అటూ ఇటూ సమంగా పడేలా ఒకే గీత గీయండి. ఒక బిందువు మరీ దూరంగా పడితే చెరిపేయకుండా ఆ పొడవుకు మళ్లీ కొలవండి.

వాలు కట్టేటప్పుడు పట్టికలోని అంకెలు కాదు, గీత మీద దూరదూరంగా ఉన్న రెండు చోట్లు తీసుకోవాలి. మన గీత 0.50 మీటర్ల దగ్గర 2.18ని, 1.10 మీటర్ల దగ్గర 4.61ని తాకుతుంది. తేడా 2.43ని 0.60తో భాగిస్తే వాలు 4.05. లఘులోలకం సూత్రం ప్రకారం ఈ వాలు, నాలుగు పై స్క్వేర్‌ను గురుత్వ త్వరణంతో భాగిస్తే వచ్చేదే. నాలుగు పై స్క్వేర్ అంటే 39.48. దాన్ని 4.05తో భాగిస్తే గురుత్వ త్వరణం 9.75 మీ/సె².

ఇప్పుడు గ్రాఫ్ లేకుండా, 40 సెంటీమీటర్ల కొలత ఒక్కటే తీసుకుని సూత్రంలో వేయండి. 8.92 వస్తుంది. 120 సెంటీమీటర్లదైతే 9.44. రాయి గరిమనాభి దాకా ఉన్న దూరాన్ని వదిలేశాం కనుక ఏ పొడవుకు ఆ పొడవు తప్పే. కానీ అన్నిట్లోనూ వదిలింది ఒకే దూరం. అది గీత మొత్తాన్ని పక్కకు జరుపుతుందే తప్ప వాలును మార్చదు. అందుకే మన గీత సున్నా గుండా పోదు. దాన్ని కిందికి పొడిగిస్తే ఎక్స్ అక్షాన్ని సున్నాకు ఎడమగా సుమారు 3.7 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది. ముడికీ రాయి గరిమనాభికీ మధ్య దూరం అదే! రాయిని పగలగొట్టకుండానే దాని లోపలి సంగతి తెలిసిపోయింది. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇది. గీతను బలవంతంగా సున్నా గుండా లాగే అలవాటున్నవాళ్లు దీన్ని పోగొట్టుకుంటున్నారు.

మరి 9.75 తప్పా? బిందువుల మధ్య నుంచి పోయేలా అత్యంత నిటారు గీత ఒకటి, అత్యంత వాలిన గీత ఒకటి గీసి రెండింటి వాలులూ కట్టండి. మీ అంకె అటూ ఇటూ ఎంత జరగగలదో తెలుస్తుంది. ఇంటి సామానుతో నూటికి ఒకటి తేడా రావడం మామూలే. మదనపల్లె అక్షాంశాన్నీ, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తునూ బట్టి లెక్క కడితే ఇక్కడ రావలసింది 9.78. అది మన హద్దులోనే ఉంది.

భూమి అంతటా ఈ అంకె ఒకటి కాదని మొదట బయటపెట్టిందీ లోలకమే. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పారిస్‌లో సరిచేసిన లోలకపు గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు తీసుకెళితే, అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అదే గడియారాన్ని మదనపల్లెకు తెచ్చి ఉంటే, లెక్క ప్రకారం సుమారు రెండు నిమిషాలు వెనకబడేది.

ఇది విని హార్స్‌లీ హిల్స్ ఎక్కి గురుత్వం తగ్గిందేమో చూద్దామని ఉత్సాహపడే పిల్లలుంటారు. కొండ మదనపల్లె కంటే 500 మీటర్లకు పైగా ఎత్తు. తగ్గేది పదివేలలో రెండు వంతులు కూడా ఉండదు. మీటరు దారంతో 20 డోలనాల్లో ఆ తేడా నాలుగు మిల్లీసెకన్లు దాటదు. మీ వేలి తడబాటు దానికి యాభై రెట్లు. కొండకు గాలి కోసం వెళ్లండి, ఈ కొలత కోసం వద్దు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. 9.8 రాసిన పుస్తకానికీ, 9.75 రాసి పక్కన ఎంత తేడా ఉండొచ్చో చూపిన పుస్తకానికీ మార్కులు వేయాల్సి వస్తే, రెండోదానికే ఎక్కువ వేయండి.