బూజు గీసిన గీతలతో పెన్ను

వానకు తడుస్తూ నెలల తరబడి పడివున్న మామిడి దుంగను కోస్తుండగా ఎప్పుడైనా చూశారా? లోపల పాలిపోయిన మచ్చలూ, వాటి చుట్టూ సిరాతో గీసినట్టు సన్నని నల్లగీతలూ కనిపిస్తాయి. ఇటువంటి దాన్ని ఇంగ్లీషులో 'స్పాల్టెడ్' చెక్క అంటారు. చలిదేశాల్లో మేపుల్, బీచ్ దుంగల్లోనూ ఇది ఏర్పడుతుంది. ఆ గీతల అందం చూసి దానితో పెన్నులు చేసేవారున్నారు. కాని లేతు మీద తిప్పుతూ ఉలి ఆనించగానే ఆ చెక్క పెళ్లలుగా ఊడిపోతుంది. ఎందుకని?

చెక్క కణాల గోడలను ఇంటి శ్లాబుతో పోల్చవచ్చు. సెల్యులోజ్ పోగులు ఇనుపచువ్వలైతే, వాటిని పట్టి ఉంచే లిగ్నిన్ సిమెంటు. తెల్లకుళ్లు కలిగించే శిలీంధ్రాలు ఎంజైములతో వీటిని కరిగించి తింటాయి. తిన్నదానిలో చాలా భాగం కార్బన్ డయాక్సైడుగా, నీరుగా బయటికి పోతుంది. అందుకే చెక్క తేలికై, మెత్తబడుతుంది.

మరి నల్లగీతలు? రెండు శిలీంధ్రాలు ఎదురుపడినప్పుడు, ఒకదాని జాగాలోకి మరొకటి రాకుండా తరచు ఇలా సరిహద్దు గోడలు కట్టుకుంటాయి. ఆ నలుపు మెలనిన్‌ది. మన జుట్టును నల్లగా ఉంచేదీ ఒక రకం మెలనినే!

చూశారా, అందాన్ని ఇచ్చినదే బలాన్ని తీసుకుపోయింది. కనుక సమయానికి ఆపడం ముఖ్యం. చెక్కలో తేమ 20 శాతం కంటే తగ్గితే శిలీంధ్రం పెరగలేదు. అందుచేత దుంగను కోసి బాగా ఆరబెడతారు. అప్పటికే గోరు దిగబడేంత మెత్తగా ఉంటే ఆ ముక్క సాధారణంగా పనికిరాదు.

ఆరిన ముక్కకు నిలువునా రంధ్రం చేసి, 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాన్ని జిగురుతో అతికిస్తారు. ఇది లోపలి వెన్నెముక. పైనుంచి పలుచని సయనోఎక్రిలేట్ జిగురు పోస్తారు. దీపపు వత్తి నూనెను పీల్చినట్టే చెక్క రంధ్రాలు దాన్ని పీల్చుకుంటాయి. జిగురు అణువులు గొలుసులుగా కలిసి గట్టిపడి, పోయిన సిమెంటుకు బదులు నిలుస్తాయి. ఆ తరువాత పదునైన ఉలితో కొద్దికొద్దిగా చెక్కుతారు. సన్నని పెన్నుకు కొనల వద్ద మిగిలే చెక్క మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మొద్దు ఉలి మెత్తని చోట పోగులను కోయదు, పీకేస్తుంది. అంతవరకు పడిన శ్రమంతా ఒక్క క్షణంలో వృథా!

ఒక హెచ్చరిక: పెద్దలు దగ్గర లేకుండా లేతును ముట్టుకోవద్దు. ఈ చెక్కపొడిలో శిలీంధ్రబీజాలు ఉండవచ్చు. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ జిగురు చర్మాన్నీ క్షణాల్లో అంటుకుంటుంది.

మీరు చేసి చూడండి: ఒకే దుంగ నుంచి మంచి ముక్కను, కుళ్లిన ముక్కను సమాన పరిమాణంలో పెద్దలచేత కోయించండి. రెండింటినీ ఎండలో బాగా ఆరనిచ్చి తూచండి. బరువులో తేడా వచ్చిందా? ఆ తగ్గిన బరువు ఎక్కడికి పోయిందో మీ మిత్రులకు మీరే చెప్పండి.