ఇంటిలో విమానయానము

పక్షివలె ఆకాశమున విహరింపవలెనను కోరిక మానవునకు అతిప్రాచీనమైనది. మన పుష్పకవిమానపు కథ ఆ కోరికనుండి పుట్టినదే. నేడు విమానములు నిజముగనే ఎగురుచున్నవి. కాని వానిని నడుపు అవకాశము కొందరికే లభించును. తక్కినవారు ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి విమానమును నడపిన అనుభవమును పొందుటకు ఒక సాధనము కలదు. దానిని ఫ్లైట్ సిమ్యులేటరు అందురు. విమానపు నడకను అనుకరించి చూపునది అని దాని అర్థము.

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములవారికి విమానములు క్రొత్తవి కావు. వారికి చేరువనే బేగంపేట విమానాశ్రయము కలదు. 1945లో స్థాపింపబడిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థవారి డకోటా విమానములు ఇచ్చటినుండి ఎగురుచుండెడివి. స్త్రీలకు చోదకోద్యోగము నిచ్చుటకు ఇతర సంస్థలు వెనుదీసిన కాలమున ప్రేమ్ మాథుర్ అను యువతికి ఆ పని నిచ్చినది ఈ సంస్థయే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యెను. 2008 మార్చి నెలలో శంషాబాదున క్రొత్త విమానాశ్రయము ప్రారంభము కాగా, బేగంపేటనుండి సామాన్య ప్రయాణికుల విమానములు నిలిచిపోయెను. మేడపై నిలిచి, తక్కువ ఎత్తున దిగివచ్చు పెద్ద విమానములను లెక్కించు వేడుక అమీర్‌పేట బాలురకు నాటితో తప్పినది. అయినను కంప్యూటరు తెరపై బేగంపేట రన్‌వే నేటికిని వారికొరకు తెరచియే యున్నది.

ఈ అనుకరణ సాధనము వినోదము కొరకు పుట్టినది కాదు. అమెరికా దేశమున ఎడ్విన్ లింక్ అను నతడు తన తండ్రియొక్క వాద్యముల కర్మాగారమున పనిచేయుచుండెను. అచ్చట ఆర్గన్ అను సంగీతవాద్యములు తయారగుచుండెడివి. కమ్మరి కొలిమితిత్తులవంటి తిత్తులనుండి వచ్చు గాలితో అవి మ్రోగును. ఆ తిత్తులనే అమర్చి, అతడు 1929లో అటునిటు వంగుచు, ముక్కు పైకెత్తుచు, క్రిందికి దించుచు కదలెడి ఒక చిన్న విమానపు బొమ్మను నిర్మించెను. మొదట దానిని వినోదశాలలవారు తప్ప ఎవరును ఆదరింపలేదు.

1934లో అమెరికా సైన్యమునకు తపాలా సంచులను విమానములలో చేరవేయు బాధ్యత అప్పగింపబడెను. మంచులోను, మేఘములలోను ఎగురుట యెరుగని చోదకులు కొలది వారములలోనే పలువురు దుర్మరణము పాలైరి. మేఘములో చొచ్చిన వానికి నేల యెటున్నదో, నింగి యెటున్నదో తెలియదు. విమానము ఒక ప్రక్కకు ఒరిగియున్నను తిన్నగా పోవుచున్నట్లే శరీరమునకు తోచును. అప్పుడు ఇంద్రియములను నమ్మక, ఎదుటనున్న పరికరముల ముల్లులను నమ్మవలెను. ఈ విద్యను నేలపై నేర్చుకొన్నచో తప్పు చేసినను ప్రాణము పోదు. సైన్యమువారు ఈ సత్యమును గ్రహించి లింక్ యంత్రములను కొనిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లక్షలాది చోదకులు వానిపైననే శిక్షణ పొందిరి.

పిమ్మట కంప్యూటరు వచ్చినది. బ్రూస్ ఆర్ట్‌విక్ అను ఇంజనీరు గృహోపయోగ కంప్యూటరుపై విమానయానమును చూపు ప్రోగ్రామును వ్రాసెను. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని ఫ్లైట్ సిమ్యులేటర్ అను పేర వెలువరించెను. తరువాతి కాలమున ఎక్స్‌-ప్లేన్, ఫ్లైట్‌గేర్ మొదలగునవి వెలసెను. వీనిలో ఫ్లైట్‌గేర్ అందరికిని ఉచితముగా లభించును. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరు ఉపగ్రహ ఛాయాచిత్రముల సాయమున భూగోళము నంతటిని తెరపై చూపెను. అందు హుస్సేనుసాగరమును చుట్టి బేగంపేటకు దిగివచ్చుట నేడు సాధ్యమే.

సిమ్యులేటరుతోపాటు కొన్ని విమానములు వచ్చును. అవి చాలనివారు వేరుగా చేర్చుకొను విమానములను యాడ్‌-ఆన్ విమానము లందురు. వీనిని కొందరు వెలకు అమ్ముదురు. కొందరు అభిమానముతో ఉచితముగా నిత్తురు. ఎయిర్‌బస్ 320 తరగతి విమానము నొకదానిని ఫ్లైబైవైర్ అను ఔత్సాహికుల బృందము నిర్మించి ఉచితముగా పంచిపెట్టుచున్నది. ఇట్టివి వేలకొలదిగా నుండగా, వానిలో ఏది నిజమునకు దగ్గరది అను ప్రశ్న సహజముగా కలుగును. ఈ ప్రశ్నకు చాలమంది కంటితో సమాధానము చెప్పుదురు. రెక్కపై మేకులు లెక్కకు వచ్చుచున్నవా, రంగు మెరయుచున్నదా, సీటు తోలుపై ముడుతలు కనబడుచున్నవా యని చూతురు. ఇవి యన్నియు చక్కనివే. కాని విమానము చిత్రపటము కాదు; గాలితో పోరాడు యంత్రము.

డకోటానే ఉదాహరణముగా తీసికొందము. 2022 నవంబరులో వెలువడిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరు నలుబదవ వార్షికోత్సవ కూర్పునందు ఈ విమానము చేర్చబడినది. దానికి డెక్కన్ ఎయిర్‌వేస్ వారి రంగులు వేసినంతమాత్రమున అది నిజమైన డకోటా కాజాలదు. డకోటాకు మూడవ చక్రము తోకక్రింద నుండును. కావున నేలపై నున్నప్పుడు దాని ముక్కు ఆకాశమువైపు చూచుచుండును. చోదకునకు ఎదుటి త్రోవ సరిగా కనబడదు. పరుగెత్తునప్పుడు తోక ప్రక్కకు జారజూచును. పాదములతో చుక్కానిని సర్దుచునే యుండవలెను. దాని రెండు ఇంజనులలో ఎడమది ఆగినచో, కుడి ఇంజను విమానమును ఎడమవైపునకు త్రిప్పివేయును. చోదకుడు వెంటనే కుడి పెడలును బలముగా త్రొక్కవలెను. వేగము మిక్కిలి తగ్గినచో ఎంత త్రొక్కినను ప్రయోజనముండదు. ఇన్ని కష్టములను చూపినదే మంచి అనుకరణము. ఒక ఇంజను ఆగినను తిన్నగా సాగిపోవు విమానము ఎంత అందముగా నున్నను అబద్ధమాడుచున్నదని తెలిసికొనవలెను.

మరియొక పరీక్ష మన నగరమునకు చెందినది. బేగంపేట విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 531 మీటర్ల ఎత్తున నున్నది. మే నెలలో మధ్యాహ్నము ఎండ 41 డిగ్రీలకు చేరినదనుకొనుడు. అప్పుడు అచ్చటి గాలి, సముద్రమట్టమున 15 డిగ్రీలవద్ద నుండు ప్రామాణిక వాయువుకంటె సుమారు 14 శాతము పలుచనగును. గాలి పలుచనైనచో రెక్కలకు ఆధారము తగ్గును. పంకాకు పట్టు తగ్గును. చిన్న శిక్షణ విమానముల ఇంజను శక్తియు తగ్గును. అందువలన విమానము ఎక్కువ దూరము పరుగెత్తి, మెల్లగా పైకి లేచును. డిసెంబరు ఉదయమునను, మే మధ్యాహ్నమునను ఒకే దూరములో ఎగిరిన యాడ్‌-ఆన్ విమానమునకు గాలియొక్క జ్ఞానము లేదన్నమాట. నిజమైన విమానముయొక్క పుస్తకమున ఏ వేడిమికి ఎంత పరుగు కావలెనో పట్టిక యుండును. తెరపై పరుగును ఆ పట్టికతో పోల్చి చూచిన సత్యము బయటపడును.

కంప్యూటరు ఈ లెక్కలను రెండు విధముల చేయగలదు. మొదటిది, నిజమైన విమానముయొక్క కొలతలను పట్టికలుగా నుంచి, వేగమును, వాలును బట్టి తగిన అంకెను తీసికొనుట. రెండవది, రెక్కను చిన్నచిన్న ముక్కలుగా భావించి, ఒక్కొక్క ముక్కపై గాలి కలిగించు బలమును సెకనుకు అనేక పర్యాయములు గణించి కూడుట. ఎక్స్‌-ప్లేన్ ఈ రెండవ మార్గమున ప్రసిద్ధి కెక్కినది. ఏ మార్గమైనను దానికిచ్చిన అంకెలు తప్పైనచో ఫలితమును తప్పే యగును.

ఇట్టి విమానమును నిర్మించుటకు మూడు విద్యలు కావలెను. ఆకారమును మూడు కొలతలలో మలచు చిత్రవిద్య యొకటి. పరికరములను పనిచేయించు ప్రోగ్రాముల విద్య రెండవది. గాలినిగూర్చిన భౌతికశాస్త్రము మూడవది. మొదటి రెండును నేర్పు శిక్షణాలయములు అమీర్‌పేట వీధులలో అంతస్తు కొకటిగా నున్నవి. ఉద్యోగము కొరకు సి ప్లస్ ప్లస్ నేర్వవచ్చిన యువకుడు ఆ విద్యతోనే విమానముయొక్క ఇంధనపు ముల్లును కదలింపవచ్చును. మూడవది మాత్రము మీ పాఠశాలలోనే మొదలగుచున్నది. బలము, పీడనము, సాంద్రత అను పాఠములు పరీక్షకొరకే యని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను.

అయినను ఇంటి సిమ్యులేటరుయొక్క హద్దులను మరువరాదు. కుర్చీ కదలదు, కడుపులో తిప్పదు, ప్రాణభయముండదు. ఇంటిలో గడిపిన గంటలు చోదకుని లైసెన్సునకు కావలసిన గంటలలో లెక్కకు రావు. చోదకుల శిక్షణకై ఆరు కాళ్లపై నిలిచి ఊగెడి పెద్ద యంత్రములు వేరుగా నున్నవి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కేంద్ర శిక్షణాలయము మన హైదరాబాదుననే నెలకొల్పబడి, అట్టి యంత్రములపై చోదకులకు శిక్షణ నిచ్చినది. ఆ యంత్రములను ప్రభుత్వాధికారులు పరీక్షించి అంగీకరింపవలెను. ఏలయన అచ్చట నేర్చిన తప్పు అలవాటు రేపు వందల ప్రాణములకు ముప్పు తేగలదు.

విద్యార్థులారా! అనుకరణముయొక్క విలువ మనలను మెప్పించుటలో లేదు. మన తప్పును దాచక చూపుటలో నున్నది. సులభముగా గెలిపించు విమానము కొన్నాళ్లు సంతోషపెట్టును. తప్పు చేసినప్పుడు నేలపై కూల్చి, కారణమేమో వెదకుమని చెప్పు విమానము గురువువంటిది. అట్టిదానిని ఎన్నుకొన్నవాడు ఆటలోనే శాస్త్రమును నేర్చును.

ప్రశ్నలు

1. లింక్ యంత్రములను సైన్యమువారు కొనుటకు కారణమేమి?
2. డకోటా విమానపు అనుకరణము నిజమైనదో కాదో ఎట్లు తెలిసికొందురు?
3. వేసవిలో విమానము ఎక్కువ దూరము ఏల పరుగెత్తును?
4. ఇంటి సిమ్యులేటరునకు గల హద్దులను వివరింపుడు.