పావు చుట్టు తిప్పి ఆగండి

“పికప్‌లు మార్పించేస్తానంకుల్. ఇంక ఇది పనికిరాదు.”

ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక, భుజాన బేస్ గిటార్‌తో నేరుగా మా ఇంటికొచ్చిన కుర్రాడి మొదటి మాట ఇది. పాట మధ్యలో శబ్దం ఆగిపోతోందట. కాసేపటికి దానంతటదే వస్తోందట. కొత్త పికప్‌లకీ బిగింపు కూలికీ కలిపి 12 వేలు అవుతుందని లెక్క కూడా వేసుకొచ్చాడు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, గిటార్‌కి కేబుల్ తగిలించి ప్లగ్గుని వేలితో మెల్లగా కదిపాను. టప్‌మని చప్పుడై శబ్దం ఆగింది. ఇటు కదిపితే వచ్చింది.

ప్లగ్గు దూరే జాక్ చుట్టూ ఒక నట్టు ఉంటుంది. అది వాడగా వాడగా వదులవుతుంది. వదులైనప్పుడల్లా కుర్రాడు పైనుంచి బిగిస్తూ వచ్చాడు. లోపల జాక్‌ని పట్టుకోకుండా బిగిస్తే నట్టుతో పాటు జాక్ కూడా తిరుగుతుంది, దానికి అతికించిన వైర్లు మెలిపడతాయి. మూత విప్పి చూస్తే వైరు ఒకే ఒక్క పోగు మీద వేలాడుతోంది. కొస కత్తిరించి, కొత్తగా సోల్డరింగ్ చేసి, జాక్‌ని లోపలి నుంచి పట్టుకుని నట్టు బిగించాను. పది నిమిషాలు పట్టింది.

టీ తాగుతూ ఇంకో మాట చెప్పాడు. డిగ్రీ రెండో ఏడాది మానేసి వేరే కోర్సులో చేరతాడట. లెక్కలు తన వల్ల కావట్లేదట. గిటార్ గురించి ఏ గొంతుతో అన్నాడో తన గురించీ అదే గొంతుతో అన్నాడు: ఇంక ఇది పనికిరాదు.

ఈ తొందర ఇప్పుడు చాలామందిలో చూస్తున్నాను. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మరమ్మతు వేరు, మార్పు వేరు. వస్తువుని దాని అసలు స్థితికి తేవడం మరమ్మతు. అది అంతకుముందెన్నడూ లేని చోటికి తీసుకెళ్లడం మార్పు. రెండూ మంచివే. అయితే మరమ్మతు చేయాల్సిన చోట మార్పు చేస్తే డబ్బు పోతుంది, లోపం మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆ కుర్రాడు 12 వేలు పెట్టి పికప్‌లు మార్పించినా ఆ ఒక్క పోగు వైరు అలాగే వేలాడుతూ ఉండేది. కోర్సు మార్చినా, ఏ పాఠం దగ్గర తాను తప్పిపోయాడో ఆ పాఠం అతని వెంటే వచ్చేది.

అందుకే ముందు వినండి. బేస్‌లో తీగ జర్రుమంటోందంటే వెంటనే తీగలు మార్చకండి, ఎక్కడ జర్రుమంటోందో చూడండి. మొదటి నాలుగైదు మెట్ల (ఫ్రెట్ల) దగ్గరే అయితే మెడ మరీ నిటారుగానో, వెనక్కి వంగో ఉందన్నమాట. పన్నెండో మెట్టు దాటాక అయితే బ్రిడ్జి దగ్గర తీగలు మరీ కిందకి దిగి ఉండొచ్చు. ఒకే ఒక్క మెట్టు దగ్గరైతే ఆ పక్క మెట్టు ఎక్కడో పైకి లేచింది. వాల్యూం తిప్పితే గరగరమంటోందా? నాబ్ కింద దుమ్ము చేరింది. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. చెవికి అన్నీ చెడ్డ శబ్దాలే. వినగా వినగా దేని ఊరు ఏదో తెలుస్తుంది.

మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడూ ఇదే పని చేయండి. “నాకు ఏకాగ్రత లేదు” అనే మాటలో ఏ మెట్టూ కనపడదు. పొద్దున ఉండి మధ్యాహ్నం పోతోందా? ఒక్క సబ్జెక్టులోనే పోతోందా? ఒక్క మనిషి ఎదురుగా ఉన్నప్పుడే పోతోందా? చోటు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఒక్కోసారి లోపం గిటార్‌లోనే ఉండదు. ఫంక్షన్ హాళ్లలో, షామియానా పందిళ్లలో వాయించేవాళ్లకి ఇది బాగా తెలుసు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న గిటార్ అక్కడికెళ్లేసరికి బుర్రుమని హమ్ మొదలుపెడుతుంది. మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుంది. ప్లగ్గులో మూడో పిన్ను ఉంటుంది, దాని వెనక ఎర్తింగ్ ఉండదు. అలాంటి చోట గిటార్ విప్పి కూర్చుంటే రాత్రంతా వెతికినా తప్పు దొరకదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ప్రాణం మీదికి వచ్చే విషయం అది. ఉద్యోగంలో, చదువులో నలిగిపోతున్న పిల్లలు తప్పంతా తమలోనే ఉందని తమని తాము విప్పుకుంటూ కూర్చోవడం చూస్తే నాకు ఆ పందిరే గుర్తొస్తుంది. గోడలో ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోవాలి నాయనా.

ఇక చెయ్యి పెట్టే విషయం. బేస్ గిటార్ మెడని నాలుగు తీగలూ కలిసి సుమారు 80 కిలోల బలంతో ముందుకు లాగుతుంటాయి. ఆ లాగుడుకి ఎదురు నిలబడటానికి మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని ట్రస్ రాడ్ అంటారు. ఆలెన్ కీతో కుడివైపు తిప్పితే మెడ నిటారవుతుంది, ఎడమవైపు తిప్పితే తీగల లాగుడుకి కొంచెం ముందుకి వంగుతుంది. మెడ బొత్తిగా నిటారుగా ఉండకూడదు. తీగని మొదటి మెట్టు దగ్గర, మెడ బాడీతో కలిసే చోట నొక్కిపట్టి చూస్తే ఏడు, ఎనిమిది మెట్ల దగ్గర ఒక విజిటింగ్ కార్డు మందమంత సందు కనిపించాలి. కొట్టిన తీగ ఊగడానికి ఆ కాస్త చోటు కావాలి. అది కూడా లేకపోతే తీగ మెట్లకి కొట్టుకుంటుంది.

కడ్డీని ఎప్పుడు తిప్పినా పావు చుట్టే. తిప్పి, శ్రుతి చేసి, పక్కన పెట్టాలి. కర్ర వెంటనే జవాబివ్వదు. కొన్ని గంటలకి, ఒక్కోసారి మర్నాటికి కుదురుకుంటుంది. చూసి, ఇంకా కావాలంటే మళ్లీ పావు. చిన్నప్పుడు ఈ మాట నాకు చెప్పినవాళ్లు లేరు. ఒక పెళ్లి ప్రోగ్రాంకి రెండు గంటల ముందు, నా గిటార్ మెడ వంగిందని కంగారుపడి చేతికి దొరికిన కీ పెట్టి తిప్పాను. ఆ నట్టు అంగుళాల కొలతది, నా కీ మిల్లీమీటర్లది. కాస్త వదులుగా కూర్చుంది. అయినా బలం పెట్టాను. కీ కర్రుమని జారింది. ఆరు మూలలుండే గుంట గుండ్రంగా అరిగిపోయింది. ఆ తర్వాత ఏ కీ పట్టలేదు. ఆ మెడ అలాగే వంగి ఉండిపోయింది, నేను దాన్ని అమ్మలేదు, పారేయలేదు. ఇప్పటికీ అలమారా మీద ఉంది. బలం చాలకపోవడం వల్ల పాడైన వస్తువులు నాకు తక్కువ తగిలాయి. కొలత కుదరకుండానే బలం పెట్టడం వల్ల పాడైనవే ఎక్కువ.

అందుకని తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను, రోజుకి పది గంటలు చదువుతాను, ఫోను ముట్టను అని ఒకే రోజు మూడు చుట్లు తిప్పేవాళ్లని చూస్తే ఆపాలనిపిస్తుంది. పావుగంట ముందు లేవండి. వారం ఆగండి. మీ ఒళ్లు ఏం జవాబిస్తుందో చూడండి.

ఆగడం అనే ఈ విద్య మనకి కొత్తదేం కాదు. బొబ్బిలి వీణ చూడండి. ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు కాబట్టి దాన్ని ఏకాండి వీణ అంటారు. దాని 24 మెట్లనూ మైనంలో కూర్చోబెడతారు. ఎండకీ వాడకానికీ మైనం కదులుతుంది, మెట్లు స్థానం తప్పుతాయి. అప్పుడు మళ్లీ మేళం కట్టించుకోవాలి. కట్టేవాడు మెట్టుని ఒక వెంట్రుకవాసి జరుపుతాడు, మీటుతాడు, వింటాడు, మళ్లీ జరుపుతాడు. వీణ పాడైపోయిందని ఎవరూ అనుకోరు. ఎప్పటికప్పుడు కట్టించుకోవాల్సిందేనన్న ఎరుకతోనే వైణికులు దాన్ని ఇంటికి తెచ్చుకుంటారు. బేస్ గిటార్ కూడా అంతే. వానాకాలం తేమ తాగి, ఏసీ గదిలో ఆరి, మెడ కదులుతూనే ఉంటుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో తీగలు ఇంకా తొందరగా తుప్పు పడతాయి. ఏడాదికి రెండుమూడుసార్లు సరిచేసుకోవాల్సి వస్తే అది లోపం కాదు. మనిషికీ ఆ వెసులుబాటు ఇవ్వండి.

అసలు బేస్ గిటార్ పుట్టిందే మరమ్మతు తెలిసిన చేతుల్లో. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. ఆయనకి గిటార్ వాయించడం రాదు. 1951లో ఆయన ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అప్పటిదాకా బేస్ అంటే మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద కర్ర వాయిద్యం. స్వరం ఎక్కడుందో చెవితో వెతుక్కోవాలి. ఫెండర్ మెట్లు పెట్టాడు. మెట్టు వెనక నొక్కితే స్వరం కచ్చితంగా పలుకుతుంది, అందుకే ఆ పేరు. మెడని జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. రేపు ఇది పాడైతే ఎవరో ఒకరు విప్పాలి కదా అన్న ఆలోచన ఆ నాలుగు స్క్రూల్లో నాకు కనపడుతుంది. విప్పడానికి వీలుగా బిగించడం ఎంత పెద్ద మనసో!

అక్కడి నుంచి పదేళ్లకి ఒక చిత్రం జరిగింది. 1961లో ఇంగ్లండులో బిల్ వైమన్ ఒక చవక బేస్ కొన్నాడు. తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో వాయించింది ఈయనే. మెట్లు అరిగిపోయాయి, కొత్తవి వేద్దామని పాతవి పీకేశాడు. కొత్తవి వేసేలోపు వాయించి చూస్తే ఆ ధ్వని అతనికి నచ్చింది. అలాగే ఉంచేశాడు. మరమ్మతుకని మొదలుపెట్టినవాడు మధ్యలో ఆగి విన్నాడు, అక్కడ మార్పు పుట్టింది.

ఫ్లోరిడాలో పెరిగిన జాకో పాస్టోరియస్ ఇంకా ముందుకి వెళ్లాడు. అతని చేతిలోది 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్. మెట్లు లేని ఫింగర్‌బోర్డు మీద గరుకు తీగలు రాసుకుంటే చెక్క అరిగిపోతుంది. అందుకని మెట్లుండే గాడులు పూడ్చి, పైన పడవలకి వేసే ఎపాక్సీ పూత పూశాడు. 1976లో వచ్చిన అతని తొలి ఆల్బం వింటే ఆ బేస్ మనిషి గొంతులా పాడుతుంది. ఆ పూత అలంకారం కోసం వేసింది కాదు. అతని చెవిలో ముందే ఒక ధ్వని ఉంది, చేతిలోని వాయిద్యం దాన్ని పలకడం లేదు, అందుకని మార్చాడు.

దీనికి సరిగ్గా ఎదురు పక్షాన డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్‌సన్ ఉన్నాడు. మోటౌన్ సంస్థ పాటలకి వెన్నెముక అతను. 1962 నాటి ప్రెసిషన్ బేస్, దాని మీద మందపాటి నున్నని తీగలు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. బ్రిడ్జి దగ్గర మూత కింద ఫోమ్ ముక్క తీగలకి ఆని ఉండేది. అరువు తెచ్చుకున్న హంగు ఒక్కటీ లేదు. తనకి కావాల్సిన ధ్వని ఆ పాత తీగల్లోనే ఉందని అతనికి తెలుసు. జాకో మార్చడం గొప్ప, జేమర్‌సన్ మార్చకపోవడం గొప్ప. ఇద్దరికీ తమకేం వినాలనుందో తెలుసు, నాకు నచ్చేది అదే. అది తెలియకుండా కొన్న పికప్పు, చేరిన కోర్సు, వెళ్లిన ఊరు కొన్నాళ్లకే పాతబడతాయి.

మార్పే చేయాలనుకుంటే రెండు మాటలు. వెనక్కి వెళ్లగలిగేది ముందు చేయండి. పికప్ మార్చొచ్చు, పాతది ఒక కవర్లో పేరు రాసి దాచుకోవచ్చు. కర్రని చెక్కేస్తే ఆ కర్ర మళ్లీ రాదు. సెలవు పెట్టి ప్రయత్నించగలిగిన పనికి రాజీనామా ఇవ్వకండి. రెండోది, చిన్న లోపానికి చిన్న మందే వేయండి. స్క్రూ రంధ్రం వదులైతే పెద్ద స్క్రూ దిగ్గొట్టేవాళ్లున్నారు, కర్ర చీలుతుంది. తల విరిచేసిన అగ్గిపుల్లలు రెండు ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రంలో దూర్చి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున పాత స్క్రూనే బిగించండి. ఏళ్ల తరబడి నిలుస్తుంది.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. ప్లగ్గు జాక్‌లో ఉన్నంతసేపూ ఆ తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, యాంప్లిఫయర్ ఆపేసినా సరే. వాయించడం అయిపోగానే ప్లగ్గు పీకేయండి. పడుకునే ముందు మీ ఫోను విషయంలోనూ అంతే.

ఆ కుర్రాడు మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. కాలేజీ మానలేదు. లెక్కల్లో తప్పిపోయింది ఇంటర్‌లోని ఒక అధ్యాయం దగ్గరని తెలుసుకుని, సీనియర్ ఒకతని దగ్గర అదే చెప్పించుకుంటున్నాడట. ఈసారి చేతిలో ఇంకో మెడ ఉంది, ఎవరో వదిలేసిన పాతది, చవగ్గా దొరికింది.

“దీని మెట్లు తీసేద్దామంకుల్.”

“ఎందుకు?”

అతను మాట్లాడలేదు. కళ్లు మూసుకుని ఒక పల్లవి కూనిరాగం తీశాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గొంతు జారుతూ వెళ్లింది, మధ్యలో ఎక్కడా మెట్టు తగల్లేదు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా ఇద్దరం ఎదురుచూశాం. మెట్టుని దాంతో కాసేపు వెచ్చబెట్టాలి, లోపల జిగురుంటే మెత్తబడుతుంది. తర్వాత ముక్కు చదునుగా అరగదీసిన కటింగ్ ప్లయర్‌ని ఒక చివర కింద పెట్టి, లాగకుండా, కేవలం నొక్కుతూ ముందుకి జరపాలి. ప్లయర్ అతని చేతికే ఇచ్చాను. చేతులు వణికాయి. ఒకసారి ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ నొక్కాడు.

మొదటి మెట్టు పైకి వచ్చింది. చుట్టూ కర్ర ఒక్క పెచ్చు కూడా లేవలేదు.