తేనెటీగ వేషంలో ఈగ

హైదరాబాద్‌లోని చందానగర్ మేడల మీది కుండీల్లో బంతిపూల దగ్గర పసుపు, నలుపు చారల పురుగొకటి గాల్లో కదలకుండా నిలబడితే, తేనెటీగ అనుకుని తరిమేస్తాం. అది సిర్ఫిడే కుటుంబానికి చెందిన ఈగ, హోవర్‌ఫ్లై. చారలను నమ్మకూడదు, రెక్కలు లెక్కపెట్టాలి. తేనెటీగకు రెండు జతలు. దీనికి ఒకే జత. రెండో జత హాల్టర్లనే చిన్న గుబ్బలుగా మారి, ఎగిరేటప్పుడు తూకం నిలుపుతుంది. అందుకే ఇది డిప్టెరా క్రమంలో చేరింది. కుట్టే ముల్లు లేకపోయినా కుట్టే కీటకంలా కనిపించి పక్షుల నుంచి తప్పించుకుంటుంది. ఇదే బేట్సియన్ అనుకరణ. దీన్ని అమెజాన్ సీతాకోకచిలుకల ఆధారంగా 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ వివరించాడు. ముల్లేరియన్ అనుకరణతో దీన్ని కలపకండి, అందులో పోలిక ఉన్న జీవులన్నీ నిజంగానే హానికరమైనవో రుచించనివో.

పరాగ సంపర్కానికి తేనెటీగలుండగా ఈ ఈగ ఎందుకని అడగవచ్చు. ఇది మోసే పుప్పొడి తక్కువన్నది సాధారణంగా నిజమే. కానీ తేనెటీగ పిల్లలు పుప్పొడి, తేనెలతో పెరిగితే, మన దేశంలో కనిపించే ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ అనే హోవర్‌ఫ్లై లార్వాలు మొక్కల రసం పీల్చే పేనుబంకను తిని పెరుగుతాయి. అంటే అక్షింతల పురుగు చేసే మేలే. అన్ని జాతులూ ఇలా వేటాడవు. ఎరిస్టాలినస్ లార్వాలు నిలవనీటిలో తోకలాంటి గొట్టంతో గాలి పీలుస్తూ కుళ్లిన పదార్థాన్ని తింటాయి. చందానగర్‌లోని గంగారం చెరువులాంటి చోట్ల నీటి అంచులు వాటికి అనువైన చోట్లు. ఆ పనీ ప్రకృతికి కావలసిందే. పేనుబంక కనబడగానే పురుగుమందు కొడితే, దాన్ని తినే లార్వా కూడా ఆ ఆకు మీదే చచ్చిపోతుంది.