విద్యుత్ బండి దూరం నడవాలంటే చక్రము, ఇరుసు చూడండి



కూరగాయలు, పూలు, పాలు పట్టణానికి చేర్చడానికి మూడు చక్రాల విద్యుత్ బండ్లు నేడు పల్లెలలోకి వస్తున్నవి. డీజిలు ఖర్చు లేదు. రాత్రి ఇంటివద్దనే ఛార్జి చేసుకొనవచ్చును. అయితే వీటిని నడిపే ప్రతి రైతుకూ ఒక బెంగ ఉన్నది. సరుకుతో వెళ్ళిన బండి తిరిగి ఇల్లు చేరుతుందా? తెల్లవారుజామున కోసిన ఆకుకూరలు దారిలో నిలిచిపోతే ఆనాటి ధర చేతికి రాదు. బండి నడిచే దూరం తగ్గగానే తప్పంతా బ్యాటరీదేనని తలచి, కొత్తది కొనడానికి అప్పు చేసేవారు కూడ ఉన్నారు. అట్లు చేసే ముందు చక్రాలను, ఇరుసును పరీక్షించవలెను. ఖర్చు లేకుండా సరిచేయదగిన లోపాలు తరచుగా అక్కడనే ఉంటవి.

బలము ఎక్కడ ఖర్చవుతుంది?

ఒకే జత ఎడ్లు తారురోడ్డు మీద సునాయాసంగా లాగిన బండిని ఇసుక దారిలో రొప్పుతూ లాగుతవి. బరువు అదే, ఎడ్లు అవే; మారినది చక్రానికీ నేలకూ గల పొత్తు మాత్రమే. విద్యుత్ బండికి కూడ ఇదే న్యాయము.

బండి, సరుకు, నడిపేవారు కలిసి 1,000 కిలోలు ఉన్నవనుకొందాము. మంచి తారురోడ్డు మీద, టైర్లలో గాలి సరిగా ఉన్నప్పుడు, దానిని దొర్లించడానికి బరువులో నూటికి ఒకటిన్నర వంతు, అనగా సుమారు 15 కిలోల లాగుడు చాలును. ఇందుకు కిలోమీటరుకు 41 వాట్ అవర్లు ఖర్చవుతుంది. మెత్తని మట్టిదారిలో ఈ లాగుడు నూటికి 5 వంతులు, అనగా 50 కిలోలు కావచ్చును. అప్పుడు కిలోమీటరుకు 136 వాట్ అవర్లు కావలెను. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్. అంటే దొర్లుడుకు మాత్రమే లెక్కించినా, తారురోడ్డు మీద 24 కిలోమీటర్లు నడిపే యూనిట్ మట్టిదారిలో 7 కిలోమీటర్లకే చెల్లిపోతుంది.

దీనికి తోడు ఎదురుగాలి ఉన్నది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో అది 5 కిలోలనుకొంటే 45 కిలోమీటర్ల వేగంలో సుమారు 11 కిలోలు. కావున తొందర లేని రోజున నిదానంగా నడపడమే లాభము.

టైరులో గాలి

బరువు పడిన టైరు నేలను తాకినచోట నొక్కుకొని, పైకి రాగానే తిరిగి సాగుతుంది. ఇట్లు వంగి సాగేటప్పుడు రబ్బరు కొంత శక్తిని వేడిగా మార్చి పోగొడుతుంది. గాలి తక్కువైనకొద్దీ ఈ వంపు ఎక్కువ, నష్టమూ ఎక్కువ. బండి తయారుచేసినవారు నిర్ణయించిన గాలిని, వారానికి ఒకసారి, ఉదయం బండి కదలకముందే కొలిచి పట్టించవలెను. వేలితో నొక్కి చూడడం కొలత కాదు. అట్లని హద్దు మించి పట్టించరాదు. టైరు పట్టు తగ్గుతుంది, నడుము అరుగుతుంది.

పొలంలో ట్రాక్టరు టైరుకు గాలి తగ్గించడం వేరు సంగతి. అక్కడ మెత్తని నేలలో చక్రం దిగబడకుండ వెడల్పుగా ఆనవలెను. ఆ పద్ధతిని రోడ్డు బండికి పట్టించరాదు. సరుకు బండిని దున్నిన చేలోకి దింపక, గట్టుమీదనే నిలిపి గంపలు మోసుకొని రండి. బ్యాటరీ మిగులుతుంది, చక్రాల కింద చేను గట్టిపడకుండ ఉంటుంది.

బ్యాటరీనుండి చక్రము దాక

బావి నీరు కాలువలో పారి మడి చేరేలోగా కొంత ఇంకిపోతుంది. అట్లే బ్యాటరీలోని శక్తి కంట్రోలరు, మోటారు, గేర్లు దాటి చక్రానికి చేరేలోగా కొంత పోతుంది. కంట్రోలరు నూటికి 95, మోటారు 88, గేర్లు 95 వంతుల చొప్పున ముందుకు పంపినవనుకొంటే, చివరకు చక్రానికి చేరేది 79 వంతులే. గేర్లు అరిగి, నూనె చెడి, 90 వంతులే పంపితే 75కు దిగుతుంది. ఎద్దుబండి ఇరుసుకు కందెన మరువనివారు ఈ బండి గేరునూనెను కూడ మరువరాదు. చెప్పిన రకము, చెప్పిన కొలత పోయవలెను. ఎక్కువ పోసినా గేర్లు నూనెను చిలుకుతూ బలం పోగొట్టుకొంటవి.

ఒక లెక్క

7 యూనిట్ల బ్యాటరీలో ఒక యూనిట్ అత్యవసరానికి ఉంచి, 6 వాడుదామనుకొందాము. దొర్లుడుకు 15, గాలికి 5, మొత్తం 20 కిలోల లాగుడయితే బండి సుమారు 87 కిలోమీటర్లు నడుస్తుంది. గాలి తగ్గి దొర్లుడు 18 కిలోలయి, బ్రేకు పట్టుకొని మరి 3 కిలోలు తోడయితే 67 కిలోమీటర్లే. సంత 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న రైతు, తిరుగుదారిలో ఎరువు బస్తాలు వేసుకొని వస్తే, ఇల్లు చేరకముందే అత్యవసరపు యూనిట్ ముట్టవలసి వస్తుంది. ఎత్తులు, ఆగి కదలడం కలిస్తే రెండు అంకెలూ తగ్గుతవి; వాటి నడుమ తేడా మాత్రం ఉండనే ఉంటుంది.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

1. బండిని చదునైన చోట నిలిపి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, ఒక్కొక్క చక్రాన్ని జాకీతో లేపి చేతితో తిప్పండి. సాఫీగా తిరగవలెను. రాపిడి చప్పుడయితే బ్రేకును, గరగర వస్తే బేరింగును చూపించండి.

2. 5 కిలోమీటర్లు నడిపిన తరువాత చక్రాల నడిమి భాగాలకు అరచేతి వెనుకవైపును దగ్గరగా చూపండి, తాకరాదు. కుడి ఎడమలలో ఒకటి ఎక్కువ కాగితే అక్కడ బలం వృథా అవుతున్నది.

3. టైరు ఒక అంచునే అరుగుతుంటే చక్రం వంకరగా ఈడ్వబడుతున్నది. అలైన్‌మెంటు చేయించండి.

కొత్తబండి కొనేటప్పుడు

మోటారును చక్రంలోనే అమర్చడం కొత్త ఊహ కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన బండికి ముందు చక్రాలలోనే మోటార్లుండెను. గేర్ల నష్టం లేకపోవడం ఈ పద్ధతిలోని మేలు. అయితే బరువుతో గట్టు ఎక్కేటప్పుడు నెమ్మదిగా తిరిగే మోటారు ఎక్కువ కరెంటు గుంజి కాగుతుంది. ఎత్తుపల్లాల దారిలో నిండు బరువు మోసేవారికి గేర్లుగల బండి మేలు. కొనేముందు మీ బరువుతో, మీ దారిలో ఒకసారి నడిపి చూడండి.

పెద్ద చక్రం గుంతలలో తేలికగా దొర్లుతుంది. అయినా ఉన్న బండికి సొంతంగా పెద్ద చక్రాలు వేయించరాదు. గేరు పొందిక మారి, ఎత్తులలో మోటారుపై భారం పెరుగుతుంది. టైరు మార్చేటప్పుడు అదే కొలతలో, అదే బరువు మోయగలిగి, తేలికగా దొర్లే రకం అడిగి తీసుకొనండి.

చివరగా, ఒక చిన్న పుస్తకం పెట్టి, వారానికి ఎన్ని యూనిట్లు ఛార్జి చేసినదీ, ఎన్ని కిలోమీటర్లు నడిచినదీ వ్రాయండి. యూనిట్‌కు కిలోమీటర్లు తగ్గుతుంటే ముందు గాలి, తరువాత బ్రేకు, ఆ పిమ్మట బేరింగు, గేరునూనె, ఈ వరుసలో చూడండి. ఇవన్నీ సరిగా ఉండి కూడ దూరం తగ్గితేనే బ్యాటరీని పరీక్ష చేయించండి. అప్పు సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చును.