ఆవిడ మాట్లాడకపోయినా హ్యాండోవర్ ఆగకూడదు

బుజ్జీ,

నువ్వు రాసింది చదివినప్పటి నుంచీ మనసు నీ వార్డు చుట్టూనే తిరుగుతోంది. ఆ సీనియర్ సిస్టర్ నెల రోజులుగా నీతో మాట్లాడడం లేదనీ, డ్యూటీ మారేటప్పుడు రిజిస్టరు బల్ల మీద పెట్టి బ్యాగు తీసుకుని వెళ్లిపోతోందనీ రాశావు. ఇంత చిన్నదానికి ఏడుపు రావడమేమిటని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు.

అది చిన్నదేమీ కాదమ్మా. అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి 2003లో ఒక ప్రయోగం ప్రచురించింది. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట అది. కాసేపయ్యాక ఇద్దరు తమలో తామే విసురుకుంటూ మూడో మనిషికి బంతి రానివ్వరు. ఆ మూడో మనిషి మెదడు స్కాన్ చేసి చూస్తే, ఒంటికి దెబ్బ తగిలినప్పుడు బాధను మోసే భాగంలోనే చలనం కనిపించింది. అవతల ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆడుతున్నారని నమ్మించారు గానీ నిజానికి ఆడింది కంప్యూటరే, ఆటలో పైసా పందెం లేదు, అయినా అంత బాధ. నీకు డ్రెస్సింగ్ చెయ్యడం దగ్గరుండి నేర్పిన మనిషి మొహం తిప్పుకుంటే కన్నీళ్లు రావూ?

కారణం నీ ఉత్తరంలోనే ఉందేమో అనిపించింది. రౌండ్స్‌లో సర్జన్ గారి ముందు, ఆవిడ కేస్‌షీట్‌లో రాయని డ్రెయిన్ లెక్క నువ్వు చెప్పావు. చెప్పాల్సిందే, తప్పులేదు. కానీ అంత సర్వీసున్న మనిషికి జూనియర్ల ఎదుట తల కొట్టేసినట్టయి ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే. ఆవిడ ఇంట్లో ఏం జరుగుతోందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఒకసారి అడుగు. నైట్ డ్యూటీ దిగేటప్పుడు వద్దు, ఆ వేళ ఎవరికీ ఓపిక ఉండదు. వాట్సాప్‌లో వద్దు. ఆయమ్మతో కబురు అసలే వద్దు. మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేనప్పుడు, “అక్కా, నా వల్ల మీ మనసు నొచ్చుకుందా? ఉంటే చెప్పండి, వింటాను” అను. ఆ లెక్క చెప్పినందుకు క్షమాపణ అడగక్కర్లేదు. అందరి ముందు చెప్పినందుకు నొచ్చుకుందని తెలిస్తే, ఆ మాట వరకు ఒప్పుకో.

“ఏం లేదు” అనేసి వెళ్లిపోతే వెనకపడకు. అలక తీరడానికి ఆవిడ టైము ఆవిడకు ఉంటుంది. నువ్వు మాత్రం రోజూ పలకరించు. జవాబు రాలేదని నువ్వూ మూతి బిగించకు, క్యాంటీన్‌లో నీ వైపు మనుషుల్ని పోగు చెయ్యకు. ఇద్దరి అలక వార్డులో రెండు జట్లయితే విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడిదాకా మీ ఇద్దరి సంగతి. హ్యాండోవర్ అలా కాదు, అది మంచం మీదున్న మనిషిది. ఆవిడ నీతో టీ తాగనక్కర్లేదు, నవ్వనక్కర్లేదు. రాత్రి ఎవరికి ఏం ఇచ్చిందో మాత్రం చెప్పి తీరాలి. ఇన్సులిన్ సంగతే చూడు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 100 రకం మందును 40 సిరంజిలో 10 గీత దాకా లాగితే పేషెంట్‌కు వెళ్లేది 25 యూనిట్లు. సీసా మారిందన్న ఒక్క మాట నోట్లో ఆగిపోతే షుగర్ పడిపోయి మనిషి కోమాలోకి వెళ్లొచ్చు. హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివి ఇద్దరు సిస్టర్లు విడివిడిగా సరిచూడాలని చెప్పేదీ ఇందుకే. మాటల్లేని ఇద్దరి మధ్య ఆ సరిచూడడం ఉత్త సంతకంగా మిగిలిపోతుంది. సిస్టర్‌గా నా సర్వీసంతటిలో నన్ను భయపెట్టింది ఇదే.

కాబట్టి ఆవిడ రిజిస్టరు పెట్టగానే, “అక్కా, ఒక్కసారి మంచాల దగ్గరికి వెళ్దాం” అని నువ్వే కదులు. పేషెంట్ ఎదురుగా నిలబడితే ఎంత కోపమున్నా నోరు విప్పక తప్పదు. అప్పటికీ రాకపోతే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పు. “నాతో మాట్లాడడం లేదు” అని కాదు. ఏ తారీఖున, ఏ బెడ్‌కు, ఏ సంగతి అందలేదో చెప్పు. మొదటి దానికి సర్దుకుపొమ్మంటారు, రెండోదాన్ని పక్కన పెట్టలేరు. ఇది చాడీ కాదు, నీ పనిలో భాగం.

ఇంకొకటి. నీ విషయంలో ఆ ఛాయ లేదు గానీ, నీ తోటి పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. ఎవడైనా వెకిలి కోరిక కోరి, కాదన్నందుకు పలకడం మానేసి పనిలో ఇబ్బంది పెడితే అది అలక కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం కింద ఫిర్యాదు చెయ్యొచ్చు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఆ ఫిర్యాదు వినే కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోగా రాసివ్వాలి.

నిద్ర సరిగ్గా పట్టడం లేదన్నావు. అది ఇలాగే సాగితే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే వారం ఆవిడకు నైట్, నీకు మార్నింగ్ అన్నావు కదా. పది నిమిషాలు ముందే వెళ్లు. ఆవిడ బ్యాగు సర్దుకోక ముందే మొదటి మంచం దగ్గర నిలబడి పిలువు. ఏమందో నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త