చేతిపనీ చదువూ ఒక్కచోటే - బెరియా కాలేజీ గురించి తెలుసుకోవలసినవి

 

ఈ నెల గోడపత్రికలో "పై చదువులు" శీర్షిక నాకు అప్పగించారు. పదో తరగతి తర్వాత ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా, హెచ్ఈసీయా అని మనమంతా స్టడీ అవర్లో కూడా గుసగుసలాడుకుంటున్నాము. ఏ కాలేజీ మంచిది అంటే పెద్ద బిల్డింగు, గోడల మీద ర్యాంకుల ఫోటోలు, ఇవే చెప్పుకుంటాము. అందుకని నేను కావాలనే ఒక చిన్న కాలేజీ గురించి రాస్తున్నాను. అది అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో, అపలాచియన్ కొండల అంచున, బెరియా అనే చిన్న ఊళ్ళో ఉన్నది. పేరు బెరియా కాలేజీ. మనలో ఎవరమూ అక్కడికి వెళ్ళకపోవచ్చు. అయినా ఏ కాలేజీనైనా ఎలా చూడాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

1. లిబరల్ ఆర్ట్స్ అంటే ఏమిటి?

ఆర్ట్స్ అంటే బొమ్మలు వేయటం అనుకోకండి. ఇది నాలుగేళ్ళ డిగ్రీ చదువు. మన దగ్గర ఇంటర్‌లోనే దారి విడిపోతుంది. బైపీసీ తీసుకున్నవాడికి చరిత్ర ఉండదు, హెచ్ఈసీ తీసుకున్నవాడికి సైన్సు ఉండదు. అక్కడ అలాగ కాదు. మొదట్లో సైన్సు, లెక్కలు, చరిత్ర, సాహిత్యం, కళలు అన్నీ కొంత కొంత చదివి, ఆ తర్వాత ఒకటి ముఖ్య సబ్జెక్టుగా తీసుకుంటారు.

"లిబరల్" అన్న మాట లాటిన్ భాషలో స్వతంత్రుడు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. పూర్వం గ్రీసు, రోము దేశాల్లో ఇవి స్వతంత్రులు చదవవలసిన చదువులు. చేతిపని మాత్రం బానిసలకు తగినదని చాలామంది అనుకునేవారు. అంటే చదివేవాడు పని ముట్టడు, పనిచేసేవాడు పుస్తకం ముట్టడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. బెరియా గొప్పతనం ఇక్కడే ఉంది.

2. ఎలా పుట్టింది?

జాన్ జి. ఫీ అనే పాస్టరు గారు బానిసత్వానికి బద్ధ విరోధి. అప్పటికి కెంటకీలో బానిసత్వం చట్టబద్ధమే. ఆయన 1855లో ఒకే గది గల బడి పెట్టారు. 1859లో ఆయుధాలు పట్టుకున్న గుంపు వచ్చి, ఆయన్నీ తోటివారినీ ఊరు విడిచి పొమ్మంది. వెళ్ళక తప్పలేదు. అంతర్యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి 1866లో బడి మళ్ళీ తెరిచారు. ఆ ఏడు 187 మంది చేరితే 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. నిన్నటిదాకా బానిసలుగా ఉన్నవారి పిల్లలూ, కొండల్లో ఉండే తెల్ల పేదల పిల్లలూ ఒకే బెంచీ మీద కూచున్నారన్నమాట.

అది అందరికీ నచ్చలేదు. 1904లో కెంటకీ శాసనసభ నల్లవారూ తెల్లవారూ ఒకే బడిలో చదవరాదని చట్టం చేసింది. కాలేజీవారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1908లో ఓడిపోయారు. తర్వాత నల్ల విద్యార్థుల కోసం 1912లో లింకన్ ఇన్‌స్టిట్యూట్ అని వేరే బడి తెరిపించారు. 1950లో చట్టం సవరించాకనే బెరియా తలుపులు మళ్ళీ అందరికీ తెరుచుకున్నాయి. 46 ఏళ్ళు! మంచి కాలేజీ కట్టడం ఎంత కష్టమో, దాన్ని మంచిగా నిలబెట్టడం అంతకన్నా కష్టమని నాకు దీనివల్ల తెలిసింది.

3. ఫీజు లేదు, పని ఉంది

1892 నుంచి బెరియాలో ట్యూషన్ ఫీజు తీసుకోవటం లేదు. ఇప్పుడు అక్కడ దాదాపు 1500 మంది ఉంటారు. మరి డబ్బు ఎక్కడిది? దాతలు ఇచ్చినదంతా ఖర్చుపెట్టేయకుండా మూలధనంగా దాచారు. అది ఇప్పుడు వంద కోట్ల డాలర్లు దాటింది. విత్తనాల గింజలు తినకుండా, పండినది మాత్రం తిన్నట్టు, దాని మీద వచ్చే రాబడితోనే చాలా భాగం నడుస్తుంది.

రెండో సంగతి, ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు పని చెయ్యాలి. మినహాయింపు లేదు. లైబ్రరీ, లాబొరేటరీ, కంప్యూటర్లు, పొలం, అడవి, నేత, వడ్రంగం ఇలాగ చాలా పనులున్నాయి. 1909లో కట్టిన బూన్ టావెర్న్ అనే హోటలు కాలేజీదే, అక్కడా విద్యార్థులే పనిచేస్తారు. చీపుర్లు కట్టే శాల కూడా ఉంది! అవును, మన ఊళ్ళల్లో అమ్మావాళ్ళు కొండచీపుర్లు కట్టి సంతకి తెస్తారే, అలాగే అక్కడ డిగ్రీ చదివేవాళ్ళు చీపుర్లు కడతారు, అవి అమ్ముతారు. గంటకింత అని కూలి ఇస్తారు. మొదటి ఏడు ఏ పనో కాలేజీ చెబుతుంది, తర్వాత నచ్చిన పనికి అడగవచ్చు. చివర్లో మార్కుల పట్టికతోపాటు పని రికార్డు కూడా చేతికిస్తారు.

ఇందాక చెప్పిన స్వతంత్రుల చదువు, బానిసల పని అన్న గీత చూశారా? బెరియా ఆ గీతను చెరిపేసింది. రెండూ ఒకే మనిషివి అన్నది.

4. చదివినవారు

కార్టర్ జి. వుడ్సన్ గారి తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. ఆయన బొగ్గు గనిలో పనిచేస్తూ, 20 ఏళ్ళ వయసుకి గాని హైస్కూల్లో చేరలేకపోయారు. 1903లో బెరియా డిగ్రీ పొందారు. మరుసటి ఏడే ఆ చట్టం వచ్చింది. ఒక్క ఏడు ఆలస్యమైతే ఆయనకి తలుపు మూసుకుపోయేది. 1912లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. 1926లో నల్లవారి చరిత్ర వారోత్సవం మొదలుపెట్టారు. ఇప్పుడు అమెరికాలో ఫిబ్రవరి నెలంతా జరుపుతున్నది దాన్నుంచి వచ్చిందే. ఇంకొకరు జాన్ ఫెన్. 1937లో బెరియాలో పట్టా పొంది, 2002లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

5. చేరదలచినవారికి

(అ) ఇంటర్ పూర్తి కావాలి. ఇంగ్లీషు పరీక్ష రాయాలి.
(ఆ) కలిగినవాళ్ళకి సీటు రాదు. కుటుంబ ఆదాయం తక్కువని కాగితాలు చూపాలి.
(ఇ) ఎక్కువ సీట్లు ఆ కొండ ప్రాంతాల పిల్లలకే. విదేశాలవారిని కొద్దిమందినే తీసుకుంటారు. పోటీ గట్టిగా ఉంటుంది.
(ఈ) ట్యూషన్ లేదంటే ఏ ఖర్చూ లేదని కాదు. గది, భోజనం, పుస్తకాలు, వీసా, ప్రయాణం ఇవన్నీ వేరు. వీటిలో దేనికి సాయం ఉందో, ఎన్నాళ్ళు ఉందో నియమాలు ఏటా మారవచ్చు. మధ్యవర్తులను నమ్మక కాలేజీవారినే రాసి అడగాలి.
(ఉ) చిన్న కాలేజీ గనుక అన్ని కోర్సులూ ఉండవు. నర్సింగు ఉంది. డాక్టరు చదువు, లా చదువు లేవు. తరగతిలో తక్కువమందే ఉంటారు కాబట్టి వెనక బెంచీలో దాక్కోవటం కుదరదు!

6. ఇందులో మనకేమిటి?

మా పెద్దనాన్న కొడుకు "అంతా ఉచితం" అన్నారని పట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. తర్వాత ల్యాబు ఫీజు అన్నారు, బిల్డింగు ఫీజు అన్నారు. కట్టలేక ఇంటికొచ్చేశాడు. సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఇంకో కాలేజీకి వెళ్దామన్నా టీసీ లేదు. కనుక ఎక్కడ చేరినా ముందే ఇవి అడగండి: ఏది ఉచితం, ఏది కాదు? కాగితం మీద రాసిస్తారా? పాఠం చెప్పేది ఎవరు? తరగతిలో ఎంతమంది? మధ్యలో మానేస్తే సర్టిఫికెట్లు ఇస్తారా?

ఇంకొక మాట. సెలవులకి వెళ్ళినప్పుడు బస్సులో కొందరు మనల్ని "గవర్నమెంటు తిండి తినేవాళ్ళు" అంటారు. మనం తల దించుకుంటాం. బెరియాలో 1500 మందికీ ఫీజు లేదు, ఎవరూ తల దించుకోరు. ఎందుకంటే అందరిదీ ఒకే స్థితి, అందరికీ ఒకే పని. ఉచితంగా చదవటం చిన్నతనం కాదు మిత్రులారా.

"అయితే మీచేత కూడా పని చేయించవచ్చు కదా" అని వార్డెన్ మాస్టారు నవ్వుతారేమో! మాస్టారూ, తోటపని మాకు ఇష్టమే. కాని అక్కడివారు డిగ్రీ చదివే పెద్దవాళ్ళు. పనికి గంటల లెక్క ఉంది, కూలి ఉంది, పనివల్ల పాఠం పోదు. ఈ మూడూ లేని పని బెరియా పని కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆలోచించి జవాబులు రాసి పత్రిక పెట్టెలో వెయ్యండి:
1. మీ ఇంట్లో పెద్దలకి తెలిసిన చేతిపని ఏమిటి? అందులో ఏ సైన్సు, ఏ లెక్క దాగి ఉంది?
2. బెరియా మీద వచ్చిన చట్టం మీద ఆ రోజుల్లో మీరైతే ఏమని వాదించేవారు?

బాగున్న జవాబులు వచ్చే సంచికలో నా చేతిరాతతో రాస్తాను.

ఇట్లు
మీ తోటి విద్యార్థి